కొమ్ముగిన్నె వరస

నీమియా కాన్యెతె ఆ మూలకు వచ్చిన మొదటి రోజు పొద్దున్నే చేసిన పని, చీపురు పట్టుకుని ఊడవడం. తన రోలు దించుకున్న చోటు ఊడ్చింది. చేతిలో చీపురుంటే ఎక్కడ ఆపాలో తెలియని మనిషి కాబట్టి పక్క చోటూ ఊడ్చింది, దాని పక్కదీ ఊడ్చింది. బస్సు టిక్కెట్లు, నారింజ తొక్కలు, మామిడాకులు కుప్ప చేసి, నడుం పట్టుకుని తలెత్తేసరికి ఎదురుగా ఒక భారీ మనిషి నిలబడి ఉంది. నెత్తిన మూలికల గంప, చంకలో ముక్కాలి పీట. ఆవిడే న్యా దెయోలిందా బ్రీతెస్. న్యా అంటే మా వాళ్ళు పెద్దావిణ్ణి పిలిచే పిలుపు. ఆ మూలకు పేరు లేదు గాని, ఎవరినడిగినా దెయోలిందా మూల అనే చెబుతారు.

"మా ముందర ఊడ్చుకోడానికి మాకు చేతులున్నాయమ్మా," అంది ఆవిడ.

కోపంగా ఏమీ అనలేదు. కానీ నీమియా దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు చీపురు వెనక్కి దాచుకుంది.

ఆ మూల మా రాజధాని అసున్సియోన్‌లో ఒక పెద్దాసుపత్రి వెనక గేటుకీ, బస్సులు ఆగే చోటుకీ మధ్యన ఉంటుంది. ఎండ ముదరకముందే ఊరంతా చన్నీళ్ళ ఫ్లాస్కులు పట్టుకుని బయల్దేరుతుంది. ఎర్బా అనే టీ ఆకులాంటి ఆకు నింపిన కొమ్ముగిన్నెలో ఆ నీళ్ళు పోసుకుని గొట్టంతో పీల్చకపోతే మా వాళ్ళకు పొద్దు గడవదు. తెరెరె అంటాం దాన్ని. ఆ నీళ్ళలో కలిపే పచ్చి మూలికలు దంచి ఇచ్చేది మూల మీది ఆడవాళ్ళు. తలనొప్పికి ఒక ఆకు, కడుపుబ్బరానికి ఒక వేరు, నిన్న తాగింది దిగడానికి ఇంకోటి. ఎవరి మూలికలమ్మ వాళ్ళకుంటుంది. ఆ మనిషి దగ్గర ఫ్లాస్కు పెట్టి నిలబడితే చాలు, ఏం కావాలో చెప్పక్కర్లేదు. మంగలినీ మూలికలమ్మనీ మార్చినవాణ్ణి మా ఊళ్ళో ఎవరూ నమ్మరు.

న్యా దెయోలిందా అక్కడ కూర్చోవడం మొదలుపెట్టినప్పుడు మామిడిచెట్టు ఆవిడ భుజం ఎత్తుండేదట. ఇప్పుడు ఆ చెట్టు నీడంతా ఆవిడదే. పక్కనే న్యా ఎవుస్తాసియా. ఎండుకట్టెలా ఉంటుంది, నోరు మాత్రం పచ్చిమిరపకాయ. వాళ్ళిద్దరూ ఉండగా మూడో రోలుకు అక్కడ ఏం పని అని ఎవరైనా అడిగేవాళ్ళే. నీమియా దగ్గర ఉన్నదొకటే, వెనక్కి పోకూడదన్న పట్టుదల.

వెనక్కి అంటే దొన్యా ఒర్తెన్సియా ఇంటికి. దొన్యా అంటే అమ్మగారు.

పాలపళ్ళు ఊడే వయసులో నీమియాని వాళ్ళమ్మ కాగ్వాసూ వైపు పల్లె నుంచి తీసుకొచ్చి ఆ పెద్దింట్లో అప్పజెప్పింది. మా దేశంలో అది కొత్త సంగతేం కాదు. బడికి పంపుతాం, సొంత పిల్లలా చూసుకుంటాం అంటారు. సొంత పిల్లలు పడుకునే గదిలో పడుకోనివ్వరు, అంతే తేడా. ఆ ఇంట్లో మొదట నేర్పిన చదువు ఒక్క మాట. చేతికి ఏదిచ్చినా గ్రాసియాస్, అంటే ధన్యవాదాలు, అనాలి. రొట్టెముక్క ఇచ్చినా, విడిచిన గౌను ఇచ్చినా, చెంప మీద ఒకటిచ్చినా అనాలి. మరిచిపోయిన ప్రతిసారీ చేతికందిన ముద్ద వెనక్కి పోయేది. ఆకలిగా ఉన్న పిల్ల ఎంత త్వరగా నేర్చుకుంటుందో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఏడాది తిరిగేసరికి ముద్ద నోట్లో పడకముందే మాట నోట్లోంచి వచ్చేసేది.

సాయంత్రాలు ఆ ఇంటి వెనక వరండాలో తెరెరె పోసేది నీమియానే. కొమ్ముగిన్నె అయ్యగారికి, అమ్మగారికి, పిల్లలకి, వచ్చిన చుట్టాలకి ఒక వరసలో వెళ్ళేది, తిరిగొచ్చేది. ఆమె దగ్గర ఒక్కసారీ ఆగేది కాదు. అందరూ లేచి వెళ్ళాక, రంగూ రుచీ పోయిన ఆకులో కాసిని నీళ్ళు పోసుకుని బట్టలుతికే బండ దగ్గర నిలబడి పీల్చేది. అలా ఆమెకు వరస తెలుసు గాని, వరసలో కూర్చోవడం తెలియదు.

పెళ్ళి లేదు, పిల్లల్లేరు. ఆ ఇంటి ముసలామెకు, అంటే దొన్యా ఒర్తెన్సియా తల్లికి, చివరి ఏళ్ళన్నీ మూలికలు దంచి పట్టించింది నీమియానే. ఆ పని అబ్బింది అక్కడే. ముసలామె పోయాక పిల్లలు సామాన్లు పంచుకున్నారు. బీరువా కొడుక్కి, పియానో మనవరాలికి, నీమియా దొన్యా ఒర్తెన్సియాకి. పంపకం జరుగుతుంటే నీమియా అక్కడే నిలబడి కాఫీ అందిస్తోంది. ఆ రోజు ఆమె లోపల ఏదో తెగింది. మూలికల అంగడి పెట్టుకుంటానని చెప్పింది.

దొన్యా ఒర్తెన్సియా నవ్వింది. వెటకారంగా కాదు, పిల్లల మాట విని పెద్దవాళ్ళు నవ్వినట్టు. ఆవిడ రాక్షసి కాదు, చిక్కంతా అక్కడే ఉంది. "వెళ్ళిరా తల్లీ. చలికాలం అయ్యేలోపు నువ్వే వస్తావు. నీ గది ఖాళీగానే ఉంచుతాను," అంది.

గ్రాసియాస్ అంది నీమియా.

ఇదంతా చెప్పడం ఎందుకంటే, మూల మీద ఆమె చేసిన తప్పు ఇది తెలియకపోతే అర్థం కాదు.

ఆమె వచ్చిన వారం ఎండలు మండిపోతున్నాయి. పది గంటల వేళ బేరాలు కాస్త తగ్గాయి. న్యా దెయోలిందా పీట జరుపుకుని, చీపురు సంగతి మనసులో పెట్టుకోకుండా, తనే కేకేసింది. "ఏవమ్మాయ్, ఇటు రా. ఎండలో ఒక్కదానివే కూర్చుని ఏం చేస్తావు."

మా వాళ్ళలో అంతకంటే పెద్ద పిలుపు లేదు. ఆ మూలన వరసలో కూర్చున్నారంటే ఇక అన్నిట్లోనూ ఒకటే. ఒకరు మరుగుదొడ్డికి వెళ్తే ఇంకొకరు అంగడి చూస్తారు. ఒకరి దగ్గర పుదీనా అయిపోతే బేరాన్ని పక్కకు పంపుతారు. ఒకరు జ్వరం వచ్చి రాకపోతే వాళ్ళ మనుషులకు రెండోవాళ్ళు దంచిపెడతారు. అలా పంపితేనే మనిషి వస్తాడు గాని, తనంత తాను రాడు. కొత్తవాళ్ళు కాలు నిలదొక్కుకోవడానికి ఆ మూల మీద వేరే దారి లేదు. నీమియాకి ఆ సంగతి తెలుసు. చేతులు గౌనుకు తుడుచుకుని వెళ్ళి బోర్లించిన సీసాల పెట్టె మీద కూర్చుంది.

ఎవుస్తాసియా నీళ్ళు పోసి గిన్నె అందించింది. నీమియా పీల్చింది. చల్లటి నీళ్ళు, నిమ్మగడ్డి వాసన. పుట్టి బుద్ధెరిగాక కొత్త ఆకు మీద పోసిన నీళ్ళు తన చేతికి ఎవరైనా అందించడం అదే మొదలు. గొట్టం గుర్రుమనేదాకా తాగి, రెండు చేతులా గిన్నె తిరిగిచ్చింది. ఇస్తుంటే ఆమె ప్రమేయం లేకుండా నోట్లోంచి మాట దొర్లింది.

"గ్రాసియాస్."

ఎవుస్తాసియా చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

తెరెరె వరసలో ఆ మాట ఊరికే అనరు. గిన్నె ఎన్నిసార్లు వచ్చినా తాగి తిరిగివ్వడమే. ఆ మాట అన్నావంటే ఇక చాలు, నన్ను వదిలేయండి అని చెప్పినట్టు. మాటలు రాని పిల్లలకు కూడా తెలిసిన మర్యాద ఇది. పిలవక పిలవక పిలిస్తే, ఒక్క గుక్క తాగి చాలనడం మొహాన కొట్టినట్టే.

"అప్పుడే చాలిందా?" అంది ఎవుస్తాసియా. "అవున్లే, పెద్దిళ్ళ నీళ్ళు తాగిన నోరు. మా కూజా నీళ్ళు ఏం దిగుతాయి."

కాదు, నోరు జారింది అని చెప్పాలనుకుంది నీమియా. చెప్పకుండా చేతులు ఒళ్ళోకి లాక్కుంది. సంజాయిషీ చెప్పుకుంటే తిట్లు రెట్టింపయ్యే ఇంట్లో పెరిగింది మరి. న్యా దెయోలిందా ఆమె వంక ఒక్కసారి చూసి, చూపు తిప్పుకుంది. గిన్నె ఆమెను దాటి పక్కకు పోయింది. చాలన్న మనిషిని మళ్ళీ అడగడం మా వాళ్ళలో మర్యాద కాదు. ఆ తర్వాత ఆమెను ఎవరూ పిలవలేదు.

అప్పటినుంచి మొదలయ్యాయి ఈగలు తోలుకునే రోజులు.

నీమియా చేయనిదంటూ లేదు. అందరికంటే ముందు వచ్చేది. రోలు నిమ్మచెక్కతో తోమి అద్దంలా పెట్టేది. ఐసుముక్కలు ఉచితంగా వేస్తానంది. ధర తగ్గించింది. దాంతో ఉన్న పరువు కూడా పోయింది. విల్ఫ్రీదో అని ఒక బస్సు డ్రైవరు, న్యా దెయోలిందా దగ్గర ఫ్లాస్కు పెట్టి నీమియా వైపు తిరిగి, అందరికీ వినపడేట్టు అన్నాడు. "అంత చవగ్గా ఇస్తున్నావంటే ఆకు నిన్నటిదా, మొన్నటిదా పెద్దమ్మా? నాకింకా పెళ్ళి కావాల్సిన తమ్ముళ్ళున్నారు, నేను పోతే ఎట్టా?" అందరూ నవ్వారు. నీమియా మర్నాడు మళ్ళీ పాత ధరే చెప్పింది. అడిగినవాళ్ళే లేరు గనక అది కూడా ఎవరికీ తెలియలేదు.

రోకలి చప్పుడు వింటే మనుషులు వస్తారని ఎక్కడో విన్నది. ఒకరోజు బేరం లేకపోయినా దంచడం మొదలుపెట్టింది. టకటకమని చప్పుడు వీధి చివరిదాకా వెళ్ళింది. కాసేపటికి నీడలోంచి న్యా దెయోలిందా, ఇటు తిరక్కుండానే అంది. "ఉత్త రోలు అట్టా దంచితే పగుల్తాది, అమ్మాయ్."

రోట్లో ఆకుందో లేదో అంత దూరం నుంచి చెవితో కనిపెట్టేసింది. నీమియా చెవులు ఎర్రబడ్డాయి. రోకలి పక్కన పెట్టేసింది.

ఆసుపత్రికి పల్లెల నుంచి వచ్చినవాళ్ళే ఆమెను బతికించారు. వాళ్ళకు ఎవరి మూల ఏదో తెలియదు. లోపల మనిషిని పడుకోబెట్టి, బయట ఏం చేయాలో తోచక ఎదుట కనిపించిన అంగడి ముందు నిలబడేవాళ్ళు. కానీ వాళ్ళు మళ్ళీ రారు. రోగి కోలుకుంటే ఊరికి పోతారు, కోలుకోకపోయినా ఊరికే పోతారు. అలాంటి బేరాలతో గది అద్దె కట్టి, కర్రపెండలం ఉడకబెట్టుకుని తినేది. అంగడి చూసేవాళ్ళు లేక పొద్దుటినుంచి సాయంత్రం దాకా మంచినీళ్ళు కూడా తాగేది కాదు, లేవాల్సి వస్తుందని. పది గంటలకు పక్కన గిన్నె తిరుగుతున్నప్పుడు, గొట్టం గుర్రుమన్న ప్రతిసారీ ఆమె ఆకులు సర్దుకుంటున్నట్టు నటించేది. రోజూ అందరిలో ఉంటూ ఎవరికీ కాకుండా ఉండడం ఆమెకు చిన్నప్పటినుంచి అలవాటే. అయినా ఇక్కడ మరీ బాధగా ఉండేది. అక్కడైతే ఎవరో చేసింది. ఇది తన నోటితో తనే చేసుకుంది.

దక్షిణపు గాలి మొదలై చలి దిగింది. చలికాలంలో చన్నీళ్ళ బేరాలు ఎవరికైనా తగ్గుతాయి, లేనివాళ్ళకు ఇంకా తగ్గుతాయి. కప్పుకోవడానికి తన పాత బొంత పెద్దింట్లోనే ఉండిపోయింది. దాన్ని తెచ్చుకుందామని ఒక ఆదివారం మధ్యాహ్నం వెళ్ళింది. వంటమనిషి వెనక తలుపు తీసింది. నీమియా తన గది తలుపు తోసింది.

మంచం మీద దుప్పటి ముడతల్లేకుండా పరిచి ఉంది. దిండు గలీబు కొత్తది. గోడకు కొట్టిన మేకుకు ఆమె వంటింటి గౌను, ఉతికి, ఇస్త్రీ చేసి వేలాడదీసి ఉంది. ఆ గది ఖాళీగా లేదు. ఆమె కోసం కాచుకుని కూర్చుంది. మేకు మీది గౌనులో తన భుజాల ఆకారం అలాగే నిలిచి ఉంది. నీమియాకి ఆ చలిలో చెమట పట్టింది. బొంత సంగతే మరిచిపోయి వెనక్కి నడిచింది.

ఆ రోజే ఒక నిర్ణయానికి వచ్చింది. ఆగస్టు ఒకటో తారీకు చూద్దాం. అప్పటికీ కాకపోతే ఆ గౌను తొడుక్కోవడమే.

ఆగస్టు అంటే మాకు చలికాలం చివర, మంచి నెల కాదు. బలహీనంగా ఉన్నవాళ్ళని ఏరుకుని తీసుకుపోతుందంటారు. అందుకే ఒకటో తారీకు పరగడుపున ముసలీ ముతకా అంతా చెరుకు సారాలో సదాపాకు, నిమ్మకాయ వేసి ఒక గుక్క తాగుతారు. ఆ ఒక్క పొద్దుటి బేరం మూలికలమ్మలకు నెల బేరంతో సమానం. నీమియా చేతిలో ఉన్నదంతా పెట్టి సదాపాకు కొన్నది. చీకటితోనే వచ్చి కట్టలు కట్టి, నీళ్ళు చల్లి, పచ్చగా పేర్చి కూర్చుంది.

జనం వచ్చారు. బస్సులు దిగి, ఆసుపత్రి లోపల్నుంచి, పక్క వీధుల్నుంచి వచ్చారు. అందరూ నీడ వైపే వెళ్ళారు. న్యా దెయోలిందా ముందు వరస, ఎవుస్తాసియా ముందు వరస. నీమియా ముందున్న చోటులో ఒక కుక్క పడుకుంది. ఆ పొద్దున ఆ మూలన తాగనిది ఆమె ఒక్కతే. సారాలో ఆకు వేసుకోవడం ఆమెకు రాక కాదు. ఆ గుక్క ఇంకొకరు చేతికిస్తే తాగేది గాని, ఒంటరిగా పోసుకునేది కాదని ఆమె నమ్మకం.

ఎండ పైకి వస్తుండగా తెల్ల కారు ఆగింది. దొన్యా ఒర్తెన్సియా దిగింది. ఇంటికి సదాపాకు ఏటా నీమియా తెచ్చేది, ఈసారి ఆవిడే రావాల్సి వచ్చింది. చేతిలో సంచి. సంచిలో ఆ బొంత మడతపెట్టి ఉంది.

ఆవిడ నేరుగా నీమియా ముందుకొచ్చి, అమ్ముడుపోని సదాపాకు గుట్టనూ, పడుకున్న కుక్కనూ చూసింది. ఆ మొహంలో నిజంగానే జాలి కనపడింది.

"చాల్లే తల్లీ, ఎంత చిక్కిపోయావో చూడు," అంది. "రేపు పొద్దున వచ్చెయ్. అన్నీ సిద్ధంగానే ఉన్నాయి. ఇదిగో, ఆ రోజు మరిచిపోయి వెళ్ళావట." సంచి చాచి పట్టుకుని ఆగింది.

ఆ ఆగడం నీమియాకి బాగా తెలుసు. చేతిలో వస్తువు వదలకుండా, మాట కోసం చూసే ఆగడం. నాలుక మీదికి మాట వచ్చేసింది కూడా. పళ్ళు బిగించి పట్టుకుంది. సంచి అందుకోలేదు. రెండు చేతులూ రోలు అంచు మీద పెట్టింది. రోలు చల్లగా, బరువుగా, కదలకుండా ఉంది.

"సదాపాకు కావాలా దొన్యా?" అంది. "ఇంటికి ఎంత కావాలో చెప్పండి, కట్టిస్తాను."

ఆవిడకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది. అలవాటైన గొంతు బయటికొచ్చింది, నలుగురూ ఉన్నారన్న ధ్యాస లేకుండా. "చేతికిస్తుంటే గ్రాసియాస్ అనడం కూడా మరిచిపోయావా? అన్నం ముందర పెట్టి, ఆ మాట అనేదాకా ముద్ద ముట్టనివ్వకుండా నేర్పించాను నీకు. నిద్దట్లో లేపినా అనేదానివి కదే!"

సారా గుక్క వేసి నవ్వుకుంటున్న మగాళ్ళు కూడా ఇటు తిరిగారు. నీమియా తల వంచలేదు. మరీ పైకీ ఎత్తలేదు. ఒక కట్ట సదాపాకు కాగితంలో చుట్టి ముందు పెట్టింది, ధర చెప్పింది. పాత ధరే. దొన్యా ఒర్తెన్సియా కట్ట తీసుకోలేదు. బొంత సంచి పేవ్‌మెంటు మీద పెట్టేసి, కారెక్కి వెళ్ళిపోయింది.

కారు మలుపు తిరిగాక నీమియా కాగితం విప్పి ఆ కట్టను మళ్ళీ గుట్టలో పెట్టింది. తిరిగి పోయే దారి మూసుకుపోయింది. ముందుకు పోయే దారి తెరుచుకోలేదు. ఇప్పుడేం తినాలి, ఎక్కడ ఉండాలి అని ఆమె ఆలోచిస్తోంది.

నీడలో న్యా దెయోలిందా సగం దంచిన రోకలి అలాగే పట్టుకుని కూర్చుంది. ఆవిడకు ఎండాకాలం నాటి పది గంటల పూట గుర్తొచ్చింది. రెండు చేతులా గిన్నె తిరిగిచ్చిన తీరు, ఆ మాట, ఆ మాట వెనకే తెల్లబోయిన మొహం. గర్వం అనుకుంది తను. ఇన్నాళ్ళూ అదే అనుకుంది. ముందు నిలబడి ఉన్న విల్ఫ్రీదో, "నాది కానివ్వు న్యా, బస్సు వదిలేసి వచ్చా," అన్నాడు.

"సదాపాకు అయిపోయింది," అంది న్యా దెయోలిందా.

విల్ఫ్రీదో ఆవిడ గంప వంక చూశాడు. సదాపాకు మోకాలెత్తున ఉంది.

"అదేంటి న్యా, ఇంత..."

"అయిపోయిందంటే అయిపోయింది. కళ్ళు కనపడక బస్సు తోలుతున్నావా ఏంటి? అదుగో, అటెళ్ళు. ఆ అమ్మాయి నా మనిషే."

విల్ఫ్రీదో తల గోక్కున్నాడు. కుక్కను దాటుకుని వెళ్ళి నీమియా ముందు నిలబడ్డాడు. అతని వెనక ఇంకొకడు, వాడి వెనక ఒక ముసలాయన. ఎవుస్తాసియా పళ్ళు నూరింది. నోటికాడ కూడు తీసి పరాయిదానికి పెడుతున్నావని గొణిగింది. "నా మోకాళ్ళు రేపో మాపో లేవనంటాయి," అంది న్యా దెయోలిందా. "అప్పుడు నా వాళ్ళందరికీ నువ్వొక్కదానివే దంచిపెడతావా? పెడతానను, వెనక్కి పిలుస్తా." ఎవుస్తాసియా తన రోకలి అందుకుంది.

పది గంటలైంది. న్యా దెయోలిందా ముందు సారా సీసా తీసి, చిన్న గ్లాసులో పోసి, కుంటుకుంటూ తనే నడిచి వెళ్ళి నీమియా చేతిలో పెట్టింది. "ఆలస్యమైందిలే. అయినా ఒకటో తారీకు ఇంకా పోలేదు." తర్వాత సీసాల పెట్టెను కాలితో తన పీట పక్కకు జరిపింది. నీమియా వచ్చి కూర్చుంది.

ఎవుస్తాసియా గిన్నె నింపి అందించింది, మొహం పక్కకు పెట్టుకుని. నీమియా తాగింది. గిన్నె తిరిగిచ్చేటప్పుడు ఇద్దరూ ఆమె నోటి వంకే చూస్తున్నారు. ఆమె పెదాలు కదిలాయి. గట్టిగా మూసుకుంది. గిన్నె ఎవుస్తాసియా చేతిలో పెట్టి, తన చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళనిండా నీళ్ళతో ఎదురుగా ఉన్న బస్టాపు కేసి చూస్తూ కూర్చుంది.

గిన్నె వరసలో తిరిగి మళ్ళీ ఆమె దగ్గరికి వచ్చింది.

అలా నిలిచింది నీమియా అంగడి. ఒక్కరోజులో నిలిచిందని ఎవరైనా అంటే నమ్మకండి. న్యా దెయోలిందా దగ్గర రోజూ ఏదో ఒక ఆకు అయిపోయేది, ఒక రోజు పుదీనా, ఒక రోజు గుర్రపుతోక గడ్డి. గంపలో పచ్చగా కళ్ళకు కనపడుతూనే అయిపోయేది. మనుషులు నవ్వుకుంటూ ఇటు వచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళలో కొందరు ఉండిపోయారు. ఎవుస్తాసియా మెత్తబడటానికి ఏళ్ళు పట్టింది. మెత్తబడ్డాక కూడా నోరు మాత్రం మారలేదు.

చాలా ఏళ్ళ తర్వాత ఒక ఆగస్టులో న్యా దెయోలిందా అదే ఆసుపత్రిలో చేరింది. ఊపిరితిత్తుల్లో నీరు పట్టింది. ఒకటో తారీకు గుక్క తాగింది కూడా, ఏటా తాగినట్టే. నీమియా మధ్యాహ్నం బేరాలు ఎవుస్తాసియాకి అప్పజెప్పి, ఫ్లాస్కులో నిమ్మగడ్డి దంచి కలిపి, వెనక గేటులోంచి లోపలికి వెళ్ళేది. కాసిని కాసిని నీళ్ళతో నోరు తడుపుకోమన్నారు డాక్టర్లు. మంచం పక్కన స్టూలు వేసుకుని కొమ్ముగిన్నెలో అడుగున కాసిని పోసి పట్టించేది. పెద్దింటి ముసలామెకు పట్టించినట్టే. కాకపోతే ఇక్కడ ఒక గిన్నె ఆవిడకు, ఒక గిన్నె తనకు.

ఆ రోజు న్యా దెయోలిందా ఒక గుక్క పీల్చింది. గొట్టం పెదాల నుంచి తీసి, గిన్నె నీమియా చేతిలో పెట్టి, కళ్ళు మూసుకుని అంది.

"గ్రాసియాస్."

మూల మీద ఇన్నేళ్ళలో ఆవిడ నోట ఆ మాట ఎవరూ వినలేదు. ఎప్పుడూ కూజా ఖాళీ అయితేనే లేచేది. కిటికీలోంచి విల్ఫ్రీదో బస్సు హారను వినపడింది. మర్యాద ప్రకారం ఫ్లాస్కు మూత పెట్టేయాలి. చాలన్న మనిషిని మళ్ళీ అడగకూడదు. నీమియా మూత పెట్టలేదు. గిన్నె మళ్ళీ నింపింది.

"ఇంకొక్కటి తీసుకో న్యా," అంది.

న్యా దెయోలిందా కళ్ళు తెరిచింది. ఆమె వంక చూసింది.

"అడక్కూడదే, పిచ్చిదానా," అంది మెల్లగా. ఊపిరి అందాక మళ్ళీ అంది. "ఆ రోజు నేనూ అడగాల్సింది."

నీమియా గొట్టం ఆవిడ పెదాల దగ్గర పెట్టింది. న్యా దెయోలిందా పీల్చింది. ఎక్కువ దిగలేదు, పెదాలు తడిశాయంతే. రెండు చేతులూ కూడదీసుకుని గిన్నె తిరిగిచ్చింది. ఈసారి ఏమీ అనలేదు.